ఇరవైఏడో సంతకం

గోపయ్య సంతకం చేస్తే శైలజ ఉద్యోగం నిలుస్తుంది. చేయకపోతే సోమవారం నుంచి ఆమె కాలేజీకి రానక్కరలేదు.

అందుకే పొద్దున మొదటి బస్సుకే వచ్చి ఆఫీసు గుమ్మం ముందు నిలబడ్డ ముసలాయనను చూడగానే ఆమె లేచి ఎదురువెళ్ళింది. ఆయన భుజం మీది గొంగడి సర్దుకున్నాడు.

"మేడం, నిన్న ఫోన్ల జెప్పింది నిజమేనా?"

"నిజమే పెద్దయ్యా. మీ మల్లికార్జున్ మిగిలిన ఒక్క పేపరు కూడా పాసయ్యిండు. డిగ్రీ అయిపోయింది. నువ్వు గీ రిజిస్టర్ల సంతకం పెడితే చాలు."

"ఒక్క పేపరే," అన్నాడు గోపయ్య తనలో తాను. "గదొక్కటే ఉండె."

కొత్తకోట రోడ్డు మీది ఆ చిన్న కాలేజీకి ఏడాది కింద ఒక అంకె వచ్చింది. ఎక్కడో ఢిల్లీలో అనుకున్న అంకె. చేరిన ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది డిగ్రీ పూర్తిచేయాలి. ప్రిన్సిపాల్ దాన్ని లెక్చరర్లకు పంచాడు. శైలజకు ముప్పైమంది. వాళ్ళలో ఇరవైఏడుగురు పాసవకపోతే కాంట్రాక్టు ఉండదు. పదకొండేళ్ళుగా ఆమెది కాంట్రాక్టే. ఈ వయసులో ఇంకెవరూ పిలవరు.

ఆ అంకె చెడ్డదని ఆమె అనుకోలేదు. పెళ్ళయి చదువు మానేసిన స్వర్ణ ఇంటికి మూడుసార్లు పోయింది. అత్తను ఒప్పించింది. స్వర్ణ పరీక్ష రాసినంతసేపూ ఆమె ఆరునెలల పాపను శైలజే వరండాలో ఎత్తుకు తిరిగింది. పత్తి చేన్ల నుంచి, ట్రాక్టర్ల మీది నుంచి ఒక్కొక్కరినీ తీసుకొచ్చింది. ఆ అంకె లేకపోతే ఆ గడపలు ఆమె తొక్కేది కాదు.

అట్లా ఇరవైఆరు దాకా వచ్చింది. అక్కడ ఆగింది.

మల్లికార్జున్ ఫోను ఎప్పుడు చేసినా స్విచాఫ్. రెండుసార్లు వాళ్ళ ఊరికి పోయింది. ఇంటికి తాళం. గొర్ల మందతో కృష్ణ ఒడ్డుకు పోయిన్రు, వానలు పడేదాకా రారు అన్నారు ఎవరో. పరీక్ష రోజు వచ్చేసింది. పరీక్షలు పెట్టేదీ కాలేజీయే, దిద్దేదీ కాలేజీయే. అందరూ వెళ్ళిపోయాక శైలజ ఖాళీ హాల్లో చివరి బెంచీ మీద కూర్చుంది. అక్షరాలను పక్కకు వాల్చి, మల్లికార్జున్ నంబరు వేసి, అర్థశాస్త్రం పేపరు తానే రాసింది.

తండ్రి ఫోను నిన్ననే కలిసింది. కొడుకు పాసయ్యాడని చెబితే, మా మల్లికార్జునేనా అని రెండుసార్లు అడిగాడు. రేపు పైనుంచి తనిఖీకి వస్తున్నారు. ఇంటివాళ్ళ సంతకం లేని పేరును వాళ్ళు కొట్టేస్తారు.

ఆమె పెన్ను మూత తీసి ఇచ్చింది. గోపయ్య తీసుకోలేదు.

"ఆ పేపరు నాకొక్కసారి సూపిస్తరా?"

పక్క టేబుల్ నుంచి క్లర్కు విజేందర్ నవ్వాడు. "ఏంది పెద్దాయనా, నువ్వు మల్ల దిద్దుతవా? పాసయినంక మిఠాయి తేవాలె గని, పేపరెందుకు?"

"నాకు పేరు రాసుడు తప్ప సదువు రాదు సారూ. ఉత్తగ సూస్త."

శైలజ బీరువా తీసింది. గోపయ్య అరచేయి ధోవతికి తుడుచుకొని, ఆ వాలు అక్షరాల మీద వేలు పెట్టి మెల్లగా జరిపాడు.

"గిది మావాని రాతేనా?"

ఈయన్ను ఎవరో చెప్పి పంపారనుకుంది శైలజ. అడిగి రమ్మన్నారు.

"వానిదే."

"రాస్తుంటే మీరు సూసిన్రా?"

"ఆ హాల్ల నేనే ఉన్న. మూడో బెంచీల కూసున్నడు."

"ఏం అంగి ఏసుకుండు?"

పరీక్షిస్తున్నాడు. సగం చెప్పిన అబద్ధమే దొరికిపోతుంది. "నీలం గళ్ళ అంగి," అంది.

"మంచిగున్నడా? బక్కవడ్డడా?"

"మంచిగనే ఉన్నడు. జర బక్కగయిండు."

గోపయ్య తలూపాడు. పెన్ను మాత్రం ముట్టలేదు. కాసేపటికి గొంతు తగ్గించి అడిగాడు.

"నా ముచ్చటేమన్న తీసిండా బిడ్డా?"

ఆయన కళ్ళలోకి చూడలేక శైలజ రిజిస్టరు వైపు చూసింది. ఇరవైఏడో గడి ఖాళీగా ఉంది.

"తీసిండు. బాపుకు చెప్పున్రి, ఈసారి తప్పకుంట పాసయిత అన్నడు."

గోపయ్య గొంగడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. విజేందర్ నవ్వు ఆపి కాగితాల్లోకి తల వంచుకున్నాడు. ఎంతసేపటికో ముసలాయన పెన్ను అందుకున్నాడు. ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ పేరంతా రాశాడు.

శైలజ రిజిస్టరు మూసింది. నెల రోజుల తర్వాత ఆమెకు ఊపిరి నిండుగా అందింది.

"ఇగ పోయిరా పెద్దయ్యా. బస్సు టైమయితాంది."

గోపయ్య వంగి ఆమె కాళ్ళకు దండం పెట్టబోయాడు. ఆమె వెనక్కి జరిగింది.

"పోత మేడం, దబ్బున పోయి వాని తల్లికి జెప్పాలె, ఫెయిలయిండని నేను తిట్టిన నాడు ఇల్లిడిసి పోయినోడు బతికే ఉన్నడని, ఏడాదికి మీరు వాన్ని కండ్లార సూసిన్రని."