వడ్రంగిపిట్ట అద్దె తొర్ర

వెనకటికి ముక్కు అరిగిపోయిన వడ్రంగిపిట్ట ఒకటుండేది. కొత్త తొర్ర తొలిచే ఓపిక లేక, బొమ్మలు చెక్కి అమ్ముకునే దుకాణానికి అద్దెచోటు వెతుకుతూ రెక్కలు పడిపోయేలా తిరిగింది. "నీ టకటకలు మాకొద్దు" అని ఉడుత పొమ్మంది, చిలక మొహమే చూపించలేదు.

చివరికి వేపచెట్టు మీది గుడ్లగూబ తన తొర్ర చూపించింది.

"పాతకాలపు పనితనం మేస్త్రీ! ఇప్పుడిలా ఎవరు తొలుస్తారు? ఒక్కటే షరతు. గోడమీద కొత్తగా ఒక్క గాటు కనపడినా ఆ రోజే ఖాళీ చేయాలి."

వడ్రంగిపిట్ట గోడ తడిమి చూసింది. ఆ గాట్లన్నీ తన ముక్కువే. వయసులో ఉన్నప్పుడు తాను తొలిచి వదిలేసిన తొర్రే ఇది. చెబితే వాదన, వాదిస్తే మళ్లీ ఇంకో చెట్టు.

"అలాగేనండి," అంది నీరసంగా. "కాకపోతే ఈ పాత గాట్లు ఇప్పుడే చూసిపెట్టుకోండి. రేపు ఇవి కూడా నేనే పెట్టానంటారు."