ఏ పిట్ట చెక్కమంటారు?

“కళ్ళు మూసుకుని ఎంచుకోడానికి ఇదేమైనా దాగుడుమూతలాటా బాబాయిగారూ?”

సమాధిరాళ్ళు చెక్కే ఆమె ఉలి కింద పెట్టేసింది. పెద్దాయన వినిపించుకుంటేగా! గోడవారగా నిలబెట్టిన నమూనా రాళ్ళ మీది పిట్టలను, కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక్కొక్కటే తడుముతున్నాడు. వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. వెంట వచ్చిన ముసలావిడ, అక్కగారో చెల్లెలుగారో, లోపలికి రాకుండా బయట బెంచీ మీద ఎండకు మొహం పెట్టి కూర్చుంది.

“ఈ పావురం తీసుకోండి. శాంతికి గుర్తు. అందరూ అదే అడుగుతారు.”

“అందరూ అడిగేది నాకెందుకమ్మా?”

“పోనీ హంస? ప్రాణాన్నే హంస అంటారు కదా. ఎగిరిపోయిన ప్రాణానికి అంతకన్నా ఏం కావాలి?”

“మెడ మరీ నున్నగా ఉంది, గరిటె కాడలా.”

ఆమెకు ఒళ్ళు మండింది. తన హంసను గరిటె అన్నవాణ్ణి ఇంతవరకూ చూడలేదు. అయినా తమాయించుకుంది. భార్యను పోగొట్టుకున్న మనిషితో తగవేమిటి?

“ఈ చక్రవాకాల జంట చూడండి. రాత్రంతా విడిపోయి ఏడుస్తాయట, తెల్లారితే కలుసుకుంటాయట.”

ఆయన చెయ్యి కాసేపు అక్కడే ఉండిపోయింది. “మంచి మాటే. కానీ వేలికి రెండూ కలగాపులగంగా ఉన్నాయి తల్లీ.” ఇంతలో దగ్గు తెర కమ్ముకొచ్చింది. తేరుకుని, “పిట్టను తప్పుగా ఎంచానంటే మా ఆవిడ నన్ను క్షమించదు. తొందరగా తేల్చుకోవాలి” అన్నాడు.

ఆ మాటకు ఆమె మనసు కరిగిపోయింది. మంచినీళ్ళిచ్చింది. తాగి, మూలనున్న రాయి దగ్గరికి వెళ్ళాడు. వేళ్ళు రెండు లోతైన గుండ్రటి కళ్ళలోకి దిగి, వంపు ముక్కు మీద ఆగాయి. మొహం వెలిగిపోయింది.

“ఇదే!”

“అయ్యో, గుడ్లగూబా! ఒకచోట జ్ఞానమంటే ఇంకోచోట చావుకబురంటారు. నలుగురూ నోళ్ళు నొక్కుకుంటారు.”

“నొక్కుకోనీ. మా ఆవిడకి నచ్చితే చాలు.”

“ఎంత అదృష్టవంతురాలో!” చేతులకున్న రాతిపొడి కంట్లో పడకుండా ఆమె మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

ఆయన బయటికి వెళ్ళి ముసలావిడను చెయ్యి పట్టుకుని, గడప ఎక్కడుందో చెబుతూ తీసుకొచ్చాడు. ఆ చేతిని మెల్లగా గుడ్లగూబ మీద పెట్టాడు. ఆవిడ వేళ్ళు కళ్ళలోకి దిగాయి, ముక్కు మీద ఆగాయి.

“ఏమండీ, ఇంక ఎన్ని రాళ్ళ మధ్య ఉన్నా తడిమి పట్టేస్తాను మిమ్మల్ని.”