గ్లౌజులు తియ్యనివాడు

“ఎమిల్‌కి ఎలా ఉందండీ?”

ఐస్ హాకీ ఆడే రింక్ గుమ్మంలో నిలబడి అడిగాడు ఓరెస్ట్. భుజాన సంచి, కుడిచెయ్యి కోటు జేబులో.

గ్లాడిస్ తన చేతిలోని వేడి కాఫీ అతని బూట్ల మీద కుమ్మరించింది.

“ఇలా ఉంది. పో లోపలికి. నీకోసమే అందరం కాచుక్కూర్చున్నాం.”

అతను ఏదో చెప్పబోయాడు.

“నోరెత్తావంటే ఈసారి మొహాన పోస్తా.”

అతను తలవంచుకుని వెళ్ళిపోయాడు.

టామరాక్ ఊరి ఐస్ హాకీ జట్టుకి అదే ఆఖరి ఆట. రంపపు మిల్లు మూతపడింది. ఆ తరవాత రెండో చలికాలం దాటకుండానే జట్టూ పోతోంది. గెలుపు మీద ఎవరికీ ధ్యాస లేదు. అదెలా ఉంటుందో ఆ జట్టుకి ఎప్పుడూ పెద్దగా తెలియదనుకోండి. పగ తీరాలి, అంతే.

ఆటగాళ్ళు ఊరివాళ్ళ ఇళ్ళలోనే ఉండి ఆడేవాళ్ళు. ఎమిల్ ఉన్నది గ్లాడిస్ ఇంట్లో. పిల్లల్లేని ఆమెను పిన్నీ అని పిలిచి, బంగాళదుంప సూపు అడిగి మరీ రెండోసారి పోయించుకునేవాడు.

పోయిన నెల ఇదే రింక్‌లో అతను గోలు ముందు పడిపోయాడు. అవతలి జట్టు ఆటగాడు ఓరెస్ట్ వచ్చి మీదెక్కి, అతని నోట్లో చెయ్యి దూర్చి చీల్చడం ఊరంతా కళ్ళారా చూసింది. నలుగురు లాగితేగాని వదల్లేదు. దవడ విరిగి, స్పృహ తప్పి, ఎమిల్ పట్నం ఆసుపత్రికి వెళ్ళాడు.

“ఇవాళ వాణ్ణి వదిలావంటే నా గడప తొక్కకు,” అని పొద్దున్నే డూగల్‌కి చెప్పింది గ్లాడిస్. డూగల్‌ని జట్టులో పెట్టుకున్నదే కొట్లాటలకి.

“వదలను పిన్నీ.”

ఆట మొదలవగానే అతను గ్లౌజులు తీసి మంచు మీద పడేశాడు. కొట్లాటకి రమ్మని పిలుపు అది.

ఓరెస్ట్ మాత్రం తియ్యలేదు.

తియ్యనివాడిని కొట్టకూడదని అక్కడి కట్టుబాటు. డూగల్ ఆగి జనం వైపు చూశాడు.

“ఆగుతావేంరా, కొట్టు,” అని అరిచింది గ్లాడిస్. “నా బిడ్డ నోరు చీల్చినప్పుడు వాడు కట్టుబాటు చూశాడా?”

డూగల్ కొట్టాడు. ఓరెస్ట్ చేతులు అడ్డం పెట్టుకున్నాడే తప్ప తిరగబడలేదు. కిందపడ్డాక అతని కుడిచేతిని డూగల్ అడుగున ఇనప అంచున్న స్కేటు బూటుతో తొక్కాడు. రిఫరీ డూగల్‌ని బయటికి గెంటేశాడు. జట్టే పోతుంటే ఇక శిక్షకి భయమేమిటి?

ఊరు ఊరంతా లేచి నిలబడింది. గ్లాడిస్ అరచేతులు మంటెత్తేదాకా చప్పట్లు కొట్టింది. చాలా రోజుల తరవాత కడుపునిండా తిని, హాయిగా నిద్రపోయింది.

మర్నాడు బస్సెక్కి పట్నం వెళ్ళింది. ఎమిల్‌ని చూడటానికి డాక్టర్లు ఒప్పుకున్నది ఆరోజే. దవడకి తీగలు కట్టారు. ముక్కి మూలిగి మాట్లాడుతున్నాడు.

“నీ పగ తీర్చేశాం నాన్నా. వాడి కుడిచెయ్యి నుగ్గునుగ్గయింది. ఇక జన్మలో కర్ర పట్టలేడట.”

“ఎవరు పిన్నీ?”

“ఇంకెవడు? నీ దవడ విరగ్గొట్టిన ఆ ఓరెస్ట్‌గాడు.”

ఎమిల్ కళ్ళు మూసుకున్నాడు.

“నా దవడ ఎవరూ విరగ్గొట్టలేదు. నేనే జారిపోయి గోలు స్తంభానికి కొట్టుకున్నా.”

“మరి వాడు నోట్లో చెయ్యి పెట్టి...”

“విరిగిన పళ్ళు గొంతుకి అడ్డంపడి చచ్చిపోతుంటే, నేను వేళ్ళు కొరికేస్తున్నా వదలకుండా వాటిని బయటికి లాగింది అతనొక్కడే పిన్నీ.”