చెప్పకముందే రాసిన వాక్యం

"ఆపండి. అతను ఇంకా చెప్పనే లేదు, మీరెలా రాశారు?"

ఇన్విజిలేటర్ మేడం జవాబు పత్రం లాగేసుకుంది. ఎం.ఏ. వాళ్లకి ఆ రోజు తొలినాటి అమెరికన్ సాహిత్యం పరీక్ష. చూపులేని కుర్రాడు జవాబులు చెబుతుంటే రాయడానికి అతని వదిన వచ్చింది. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. అతను "ప్యూరిటన్లు..." అని ఊపిరి తీసుకునేలోపే ఆవిడ వాక్యమంతా రాసి చివర చుక్క కూడా పెట్టేసింది.

"అలవాటండీ," అంది వదిన.

"చీటీలు పెట్టుకునేవాళ్లందరూ ఏదో ఒకటి చెబుతారు. మాల్‌ప్రాక్టీస్ కేసు రాశానంటే ఇతనికి మూడేళ్లు పరీక్షలుండవు. ముందు మీరు బయట కూర్చోండి."

వదిన బయటికి వెళ్లగానే కుర్రాడు లేచి నిలబడ్డాడు. "మేడం, మిగతాది మీరే రాయండి. నేను చెప్పలేకపోతే అప్పుడు కేసు పెట్టండి."

ఇరవై ఏళ్లుగా అదే పాఠం చెబుతున్న మేడం, వీడి సంగతేమిటో తేల్చేద్దామని పెన్ను పట్టుకుంది.

అతను తడుముకోలేదు. "ప్యూరిటన్లు దేవుడికి భయపడి రాశారు. తర్వాత, తర్కాన్ని నమ్మినవాళ్లు రాజుకి కూడా భయపడకుండా రాశారు. బయట భయపెట్టేవాళ్లు ఎవరూ మిగలకపోయేసరికి, రొమాంటిక్ రచయితల్లో కొందరు తమ మనసును చూసి తామే జడుసుకున్నారు. ట్రాన్సెండెంటలిస్టులు అదే మనసులో దేవుణ్ణి వెతుక్కున్నారు. అన్నీ కలిపి చూస్తే, ఒకే భయం ఇళ్లు మారుతూ వచ్చినట్టుంటుంది."

మేడం చెయ్యి ఆగిపోయింది. ఇందాకటి పత్రం తీసి చూసింది. వదిన ముందే రాసేసిన ఆ వాక్యం, అక్షరం పొల్లుపోకుండా అతను చెప్పినదే. ఇక ఆ భయం ఇళ్లు మారడం లాంటి మాట ఏ గైడులోనూ లేదు. నిజం చెప్పాలంటే తన ఇరవై ఏళ్ల నోట్సులో కూడా లేదు. కాస్త కుళ్లు పుట్టింది కానీ, అంతకన్నా ఎక్కువ ముచ్చటేసింది. రాయడానికి తీసి పెట్టుకున్న కేసు ఫారం చింపి బుట్టలో పడేసింది.

"పోయిన టైము కలిపి ఇస్తాను. ముందు ఇది చెప్పు బాబూ, నీకీ పాఠం చెప్పిందెవరు?"

"మా గురువుగారు మేడం."

"ఆయన మా పిల్లలకి ఒక్క క్లాసు చెప్పినా చాలు, కాళ్లకి దణ్ణం పెడతాను. ఏ కాలేజీలో ఉంటారు?"

"ఆయన కాదు మేడం, ఆవిడ. పక్కన డిక్షనరీ పెట్టుకుని నాకు పుస్తకాలు చదివి వినిపిస్తూ తనూ నేర్చుకుంది. కాలేజీ గడప తొక్కడం ఇవాళే మొదటిసారి. మీరు బయట కూర్చోబెట్టారు."