బురద జీపు వెనకాల

“నాన్నా, ఆ తాళాలు ఇలా ఇవ్వు.”

“ఇవ్వను. వస్తే ఎక్కు, లేకపోతే గేటు తీసి పక్కకు జరుగు.”

కూతురు ఎక్కింది. తండ్రిని ఆపలేకపోయినా కారునైనా కాపాడుకుందామన్న ఆశతో ఎక్కింది. ఆ నల్ల కారంటే ఆమె భర్తకు ప్రాణం. కొత్తది. మెత్తటి బట్ట పట్టుకుని తనే తుడుచుకుంటాడు తప్ప ఇంకొకర్ని వేలు పెట్టనివ్వడు. ఆఫీసు పని మీద రైలెక్కేముందు కూడా దానికి కవరు కప్పి, ఇంట్లో అందరికీ ఒకటికి రెండుసార్లు చెప్పి మరీ వెళ్లాడు.

“ఏమైనా సరే, మెషీన్ వాష్‌కి మాత్రం తీసుకెళ్లకండి. ముందు కడిగిన బండి మట్టంతా ఆ బ్రష్షుల్లోనే ఉంటుంది. పెయింటు మీద గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే.”

ఆ మాటకు బుద్ధిగా తలూపిన వాళ్లలో ఈ పెద్దమనిషి కూడా ఉన్నాడు. ఇప్పుడు స్టీరింగ్ పట్టుకుని నేరుగా అక్కడికే పోతున్నాడు.

“అసలు దీన్ని కడగాల్సిన అవసరమేంటి? ఆయన వెళ్లిన దగ్గర్నుంచీ కవరు కిందే ఉంది కదా!”

“కడగాలి.”

“అదే, ఎందుకని?”

“నాకు కడగాలనిపించింది గనక.”

ఆటోవాడితో బేరమాడటానికే మొహమాటపడే మనిషాయన. ఇవాళ మాత్రం తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటున్నాడు. కూతురికి ఏడుపొచ్చింది. ఆమె భయం కారు గురించి మాత్రమే కాదు.

కిందటేడు అమ్మ వచ్చినప్పుడు, అల్లుడి ఉన్నికోటు శుభ్రం చేద్దామని వేణ్ణీళ్లలో నానబెట్టింది. అది బొమ్మకు తొడిగేంత అయి కూర్చుంది. అల్లుడు నలుగురి ముందూ దాన్ని పైకెత్తి చూపించి, “మా అత్తగారి చేతిలో పడితే ఏదైనా ఇంతే” అని నవ్వాడు. నవ్వి మర్చిపోయాడు. అమ్మ మర్చిపోలేదు. తెల్లారగానే పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది. ఏడాదిగా ఫోన్లో కాళ్లావేళ్లా పడితే ఇదిగో, ఇప్పటికి మళ్లీ వచ్చింది. ఈసారైనా అత్తా అల్లుడూ కలిసి నవ్వుకోవాలని కూతురి కోరిక. ఊరెళ్లిన భర్త ఈ మధ్యాహ్నానికి ఇంటికొస్తాడు.

“నాన్నా, ఆయన కోపంలో ఒక్క మాట తూలినా అమ్మ మళ్లీ పెట్టె సర్దుతుంది. ఇంక జన్మలో మా గుమ్మం తొక్కదు.”

“సర్దదు,” అన్నాడు తండ్రి.

వాషింగ్ సెంటర్లో రెండు దారులున్నాయి. ఒకదాంట్లో మెత్తటి గుడ్డ పీలికల యంత్రం, రెండోదాంట్లో పాత బ్రష్షుల యంత్రం. ఆపరేటరు కొత్త కారును చూసి గుడ్డల వైపు చెయ్యి చూపించాడు. తండ్రి బ్రష్షుల వైపు తిప్పాడు.

“సార్, అది లారీలకీ జీపులకీ అండీ! నల్ల రంగు మీద ఇట్టే గీతలు పడతాయి.”

“కచ్చితంగా పడతాయా?”

“పడకేం చేస్తాయండీ!”

“అయితే సరే,” అన్నాడాయన. ఆపరేటరు చెవులు రిక్కించాడు, తను సరిగ్గానే విన్నాడా అని.

ఇంతలో నిలువెల్లా బురద పూసుకున్న జీపొకటి వచ్చి వెనక ఆగింది. తండ్రి కారు పక్కకు తీసి, “బాబూ, ముందు మీరు కానివ్వండి. మాకేం తొందర లేదు” అని దారిచ్చాడు.

“నాన్నా! ఆ బురదంతా బ్రష్షులకే అంటుతుంది!”

“అంటనీ.”

జీపు వెళ్లింది. దాని వెనకాలే కారు వెళ్లింది. లోపల బ్రష్షులు గరగరా తిరుగుతుంటే కూతురు కళ్లు మూసుకుని పళ్లు బిగపట్టింది. బయటికొచ్చాక తండ్రి కారును ఎండలో నిలబెట్టాడు. బానెట్టు నిండా, తలుపుల నిండా సాలెగూడు అల్లినట్టు గీతలు. ఆయన మాత్రం చుట్టూ తిరిగి చూసి తృప్తిగా తలాడించాడు. తండ్రి మీద అంత కోపం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక రాలేదు.

అల్లుడు వచ్చాడు. బ్యాగు కింద పెట్టకుండానే కారు చూశాడు. మొహం కందగడ్డయింది.

“ఎవరు చేశారిది?”

వంటింటి గుమ్మంలో అమ్మ పాలిపోయిన మొహంతో నిలబడి ఉంది. ఏదో చెప్పబోయింది. తండ్రి చటుక్కున ముందుకొచ్చాడు.

“నేనే బాబూ. మెషీన్ వాష్‌కి తీసుకెళ్లాను. తప్పంతా నాదే.”

“చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా మామయ్యా!”

“చెప్పారు. నాకే బుద్ధి లేకపోయింది.”

పెద్దాయన అలా తల దించుకుని నిలబడితే ఏమనగలడు? అల్లుడు కారు చుట్టూ తిరిగాడు, నిట్టూర్చాడు, పాలిష్ పట్టిస్తే సగమైనా పోతాయేమోనని గొణిగాడు. చివరికి నవ్వేశాడు.

“మీకంటే అత్తయ్యే నయం. ఆవిడ కోటుతో సరిపెట్టారు, మీరు ఏకంగా కారుకే ఎసరు పెట్టారు. అత్తయ్యా, మీరింకో నెల ఉండి ఈయన్ని కాస్త కనిపెట్టుకోండి.”

అమ్మ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుని, అల్లుడికి అన్నం వడ్డించడానికి లోపలికి వెళ్లింది. అతనూ ఆవిడ వెనకే వెళ్లాడు.

బయట తండ్రీ కూతుళ్లే మిగిలారు.

“ఆయన చెప్పారు, ఆపరేటరు చెప్పాడు, నేను నెత్తీనోరూ కొట్టుకున్నాను. అన్నీ తెలిసే చేశావు. అల్లుడి ముందు తలవంపులు తెచ్చుకోవడానికి నీకేం పట్టింది నాన్నా?”

తండ్రి వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

“నిన్న అల్లుడి కారు తళతళలాడాలని మీ అమ్మ దాన్ని గిన్నెలు తోమే పీచుతో తోమేసిందమ్మా.”