సాసరు గీత

"రోలాండ్‌ని సోమవారం వదిలేస్తున్నారండీ," అంది టామ్సిన్, తడిసిన గొడుగు గుమ్మం పక్కన ఆనించి.

టీ పోస్తున్న నోరీన్ చెయ్యి ఆగింది. "ఏ సోమవారం? వచ్చే ఏడాదిదా?"

"ఈ సోమవారమే. రూలు మారింది. జైళ్ళు నిండిపోయాయి. సగం శిక్ష కాకుండానే పంపించేస్తున్నారు. విడుదలైనవాళ్ళ మీద కన్నేసి ఉంచేది మా ఆఫీసే కదా, దెబ్బ తిన్నవాళ్ళకి ముందుగా చెప్పి రమ్మని నన్ను పంపింది."

"జడ్జి నాలుగేళ్ళన్నాడు. శిక్ష కూడా ఉన్ని కోటేనా, ఉతికితే కుంచించుకుపోవడానికి?"

టామ్సిన్ నవ్వబోయి, ఆవిడ ఎడమ మణికట్టు చూసి మానేసింది. మాజీ మొగుడు రోలాండ్ విరిచిన మణికట్టు అది. సరిగా అతుక్కోలేదు. ఎక్కడున్నా వెతికి పట్టుకుంటానని కోర్టులోనే అరిచాడు వాడు. అందుకే నోరీన్ వాడికి తెలియకుండా నది ఇవతలికి ఇల్లు మారింది.

"భయపడకండి. వాడి కాలికి పట్టీ కడతారు. ఈ మ్యాపు మీద మీరో గీత గియ్యండి. ఆ గీత లోపల అడుగు పెట్టాడా, పట్టీ మోగుతుంది. మళ్ళీ జైలే."

నోరీన్ సాసరు తీసి, మ్యాపులో తన ఇంటి మీద బోర్లించింది. పెన్సిలు పట్టుకుని ఆగింది.

"ఈ మ్యాపు వాడికీ చూపిస్తారా?"

"చూపించాలి కదండీ. ఎక్కడికి రాకూడదో తెలియొద్దూ?"

"నడిమధ్యన ఎవరున్నారో పోల్చుకోలేని వెధవనుకున్నావా వాణ్ణి?"

టామ్సిన్ టీలో ముంచిన బిస్కెట్టు విరిగి కప్పులో పడింది. "నిజమే. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు."

"ఇంటి చుట్టే గియ్యాలా?"

"అక్కర్లేదు. మీరు తరచూ వెళ్ళే చోటైనా సరే. కొట్టో, చర్చో."

"బుధవారం బుధవారం బింగో, అదే అంకెలాట, ఆడతాను. నది అవతల, టానరీ వీధి హాల్లో."

"గియ్యండి మరి. మీకు ఆ మాత్రం సరదా ఉండొద్దూ!"

సాసరు నది దాటింది. గీత పడింది. టామ్సిన్ గడియారం చూసుకుంది. ఇంకా తొమ్మిది ఇళ్ళు తిరగాలి. సంతకం పెట్టించుకుని, మ్యాపు మడిచి సంచిలో పెట్టుకుని పరిగెత్తింది.

సోమవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"నోరీన్ గారూ, రోలాండ్‌ని మళ్ళీ పట్టుకెళ్ళారు! బయటికొచ్చి రెండు గంటలైనా కాలేదు. గీత దాటాడు."

"అయ్యో. అప్పుడే బింగోకా?"

"కాదండీ! విడుదలైన రోజే మా దగ్గర సంతకం పెట్టాలి. పెట్టకపోయినా జైలే. పాపం, దానికోసమే వచ్చాడు. మెట్ల మీదుండగానే పట్టీ మోగింది."

"ఎవరి మెట్లు?"

"మా ఆఫీసు మెట్లు. టానరీ వీధిలో, బింగో హాలుకి ఎదు..." టామ్సిన్ గొంతు టక్కున ఆగింది. "మీకు... ముందే తెలుసా?"

"ఆ హాల్లో కిటికీ పక్క కుర్చీ నాదే, అమ్మాయ్," అంది నోరీన్ సాసరు తుడుస్తూ. "మీ మెట్లెక్కే కాలిపట్టీల వాళ్ళని చూస్తూ ఏడాదిగా నీ ఎదురుగానే కూర్చుంటున్నాను. నువ్వే ఒక్కసారీ తలెత్తి చూడలేదు."