నాన్చుడు

నిన్న నానబోసిన చిక్కుడు గింజలు ఇవాళ మధ్యాహ్నమైనా నీళ్ళలోనే ఉన్నాయి. గోరు గుచ్చితే ఇట్టే దిగింది. నాకు ఒళ్ళు మండింది.

“ఇంకెప్పుడే పొయ్యెక్కించేది? నాన్చడం నీకు పుట్టుకతో వచ్చిన జబ్బు” అని మా ఆవిడ మీద విరుచుకుపడ్డాను.

ఆమె తలెత్తలేదు. “నాన్చేది నేనా, మీరా? మొగుణ్ణి వదిలేసి వచ్చిన మన పిల్ల, పెట్టె పట్టుకుని గంట నుంచి వాకిట్లో నిలబడింది. రమ్మనరు, పొమ్మనరు. ఎంతమందికి వండాలో నాకెలా తెలుస్తుంది?”

ఒకరి చేత మాట పడే మనిషిని కాను. గింజలు నేనే రెండు నీళ్ళలో కడిగాను.

“ఈ బుల్లి తపేలా ఏం సరిపోతుందే? అటక మీది పెద్దది దించు. ఇక రోజూ అదే కావాలి” అని వాకిట్లోకి వినబడేలా అరిచాను.